తుఫాను శిబిరంలో సాయంత్రం ఆరు గంటలు

తుఫాను పునరావాస కేంద్రం అనగానే పేపర్లో ఏటా వచ్చే ఫొటో గుర్తొస్తుంది. హైస్కూలు వరండాలో వరసగా కూర్చున్న జనం, పులిహోర పొట్లాలు పంచుతున్న చేతులు. ఆ చేతులు ఎవరివో, ఎన్ని శాఖలవో ఫొటో చెప్పదు. తహసీల్దారు, వీఆర్వో, పంచాయతీ కార్యదర్శి, డాక్టరు, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, ఆయా, వంటవాళ్లు, పారిశుధ్య కార్మికులు, లైన్‌మన్, మహిళా పోలీసు, హెడ్మాస్టరు, పశువుల డాక్టరు. మామూలు రోజుల్లో వీళ్లు ఒకరి ఆఫీసు గుమ్మం ఒకరు తొక్కరు. ఎవరి పై అధికారి వాళ్లకుంటాడు, ఎవరి రిపోర్టు వాళ్లు పంపుకుంటారు. గాలివాన ముంచుకొచ్చిన రాత్రి మాత్రం ఒకే కప్పు కింద పడతారు.

ఆరోగ్య శాఖలో సూపర్‌వైజరుగా కోస్తా మండలాల్లో తిరిగిన కాలంలో ఇలాంటి శిబిరాలు కొన్ని దగ్గరగా చూశాను, కొన్ని నడిపాను. వీళ్లందరినీ ఒక జట్టుగా ఎలా కూర్చాలో వరసగా చెబుతాను. లెక్కకు అందేలా 300 మంది తలదాచుకునే ఒక జిల్లా పరిషత్ హైస్కూలు అనుకుందాం. మొదట్నుంచి చివరిదాకా మనసులో పెట్టుకోవాల్సిన నియమం ఒకటుంది. నష్టపోయిన మనిషి తన గోడు ఒక్కసారే చెప్పుకోవాలి. ఆ తరవాత ఆఫీసుల మధ్య తిరగాల్సిన తిరుగుడంతా మనం తిరగాలి.

గాలికి రెండు రోజుల ముందు

శిబిరం పని రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన నాడే మొదలవ్వాలి. ముందుగా కావాల్సింది జాబితా. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితా ఇక్కడ పనికిరావు. గాలి తగిలితే ముందు ఎవరి ప్రాణం మీదికొస్తుందో ఇంటింటికీ తెలిసిన జాబితా కావాలి. అది ఆశా డైరీలో సగం, ఏఎన్‌ఎం రిజిస్టరులో సగం ఉంటుంది.

నెలలు నిండినవాళ్లను శిబిరానికి తేకూడదు. పది రోజుల్లో కాన్పు ఉందంటే గాలి రాకముందే ఏరియా ఆసుపత్రికి చేర్చాలి. తోడుగా వచ్చే అత్తగారికి పడుకోవడానికి చోటు కూడా ముందే మాట్లాడి ఉంచాలి, లేకపోతే ఆ ఇంటివాళ్లు కదలరు. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లూ అంతే. రోడ్డు మీద చెట్లు కూలాక మూడు రోజులు ఎవరం ఎక్కడికీ వెళ్లలేం. ఇన్సులిన్ వాడేవాళ్లు, టీబీ మందులు మింగేవాళ్లు, ఫిట్స్ మాత్రల మీద ఉన్నవాళ్లు, మానసిక వ్యాధికి మందు తీసుకునేవాళ్లు, మంచం దిగలేని ముసలివాళ్లు, చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు, వీళ్లందరి పేర్లూ అందులో ఉండాలి. ఫిట్స్ మందు రెండు రోజులు ఆగితే చాలు, మళ్లీ మూర్ఛలు మొదలవ్వచ్చు. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ల విషయం మాత్రం జాబితాలో ఎక్కకూడదు. ఆ పేర్లు కౌన్సెలర్ దగ్గరే ఉండాలి. మన కాగితం మీద ‘నెల మందులు ఉన్నాయి’ అన్న టిక్కు సరిపోతుంది.

జాబితా రాగానే వాళ్లను ఇళ్లలోంచి కదిలించాలి. ఇక్కడ పోలీసుకన్నా తహసీల్దారుకన్నా ఎక్కువ పనికొచ్చే మనిషి పశువుల డాక్టరు. చాలామంది ఇల్లు వదలనిది గేదె కోసం. ‘ఈనబోయే గేదెను వదిలిపెట్టి నేనెక్కడికొస్తానండీ’ అన్న మనిషికి వాతావరణ శాఖ బులెటిన్ చదివి వినిపించి లాభం లేదు. పశువుల డాక్టరో ఆయన సహాయకుడో వచ్చి, ‘పలుపు విప్పి మెరక మీదికి తోలు, కట్టేస్తే నీళ్లలో ఉరి పడుతుంది, విప్పితే తన దారి తాను వెతుక్కుంటుంది’ అని చెబితే వింటాడు. రోజూ తన పశువుకు సూది వేసే మనిషి మాట మీద గురి ఉంటుంది. అలాగే వేటకు వెళ్లిన పడవల లెక్క మత్స్యశాఖ సహాయకుడికన్నా ముందు ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దమనుషులకు తెలుసు. వాళ్లను కూర్చోబెట్టి ఏ పడవ వచ్చింది, ఏది రాలేదు అని రాసుకోవాలి. ఆ కాగితం విలువ పది రోజుల తరవాత తెలుస్తుంది, ఆ సంగతి కాగితాల దగ్గర చెబుతాను.

ఈ రెండు రోజుల పని ఎంత విలువైనదో మన తీరమే చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క, అంతకన్నా ఎక్కువేనని అక్కడివాళ్ల మాట. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే అంతటి తుఫానే తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందుగా కదిలించారు, మృతుల లెక్క వెయ్యి లోపే ఆగింది. మధ్యలో 13 ఏళ్లు. ఈలోపు హెచ్చరికలు మెరుగయ్యాయి, తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి, ఊళ్లను ముందుగా ఖాళీ చేయించడం ప్రభుత్వానికి అలవాటు పనైంది.

గేటు దగ్గర ఒకే రిజిస్టరు

జనం రావడం మొదలయ్యాక చేసే పొరపాటు ఒకటే, అన్నిచోట్లా అదే. వీఆర్వో ఒక పుస్తకంలో పేర్లు రాసుకుంటాడు. ఏఎన్‌ఎం ఇంకో పుస్తకం తెరుస్తుంది. వంట చూసేవాళ్లు తలలు లెక్కపెట్టుకుంటారు. మహిళా పోలీసు తన ఫోన్లో ఎక్కించుకుంటుంది. స్వచ్ఛంద సంస్థ వాళ్లొచ్చి దుప్పట్ల కోసం మళ్లీ మొదట్నుంచి అడుగుతారు. తడిసిన చీరతో, చంకలో పిల్లతో నిలబడ్డ మనిషి తన పేరు, మొగుడి పేరు, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఐదుసార్లు చెబుతుంది. ఆ రాని మనిషి గురించి చెప్పిన ప్రతిసారీ ఆమె కడుపు తరుక్కుపోతుంది. ఇది ఆపగలిగితే శిబిరం సగం గట్టెక్కినట్టే.

పద్ధతి ఇది. గేటు దగ్గర ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఇద్దరు మనుషులు. ఒకరు వీఆర్వో, రెండోవారు ఏఎన్‌ఎం. వీఆర్వో పేరు, ఊరు, వాడ రాస్తాడు. ఏఎన్‌ఎం పక్క గడిలో మందులు, గర్భం, జ్వరం, గాయం రాస్తుంది. మూడో గడి ‘రానివారు’. ఇంట్లో ఉండాల్సినవాళ్లలో ఎవరు ఇంకా రాలేదు, చివరిసారి ఎక్కడ చూశారు అన్నది అక్కడ రాయాలి. వరస నంబరు వేసిన చీటీ కుటుంబానికి ఇవ్వాలి. ఆ తరవాత అన్నం, దుప్పటి, మందు, సాయం డబ్బు, ఏదైనా ఆ నంబరు మీదే నడవాలి. కొత్తగా ఎవరొచ్చి పేర్లు అడిగినా ‘రిజిస్టరు చూసుకోండి’ అని చెప్పే ధైర్యం బల్ల దగ్గరున్నవాళ్లకు ఉండాలి. ఆ ధైర్యం తహసీల్దారు మొదటి రోజే అందరి ముందూ నోటితో ఇవ్వాలి.

ఒంటరిగా వచ్చిన పిల్లలకు ఎర్ర సిరాతో రాయాలి. ‘మేనమామని’ అంటూ ఎవరొచ్చినా అంగన్‌వాడీ టీచరు, మహిళా పోలీసు ఇద్దరూ సరేనన్నాకే పిల్లను అప్పగించాలి. ఒకరి సంతకం చాలదు. అనుమానం ఉంటే 1098కి ఫోన్.

గది, నీళ్లు, మరుగుదొడ్డి, దీపం

2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ శిబిరాలకు కనీస ప్రమాణాలు పెట్టింది. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, రోజుకు మూడు లీటర్ల తాగునీరు, పెద్దలకు 2,400 కేలరీల తిండి, పిల్లలకు 1,700, ప్రతి 30 మందికి ఒక మరుగుదొడ్డి. ఇరవై అడుగులకు ఇరవైనాలుగు అడుగుల క్లాసు గదికి ఈ లెక్క వేస్తే పన్నెండు మందే పడతారు. గాలి రాత్రి అదే గదిలో నలభై మంది ఉంటారు, తప్పదు. మర్నాటి నుంచి మాత్రం ఆ లెక్కకు దగ్గరగా జరుపుకుంటూ పోవాలి. ఒక వాడవాళ్లను ఒక గదిలోనే ఉంచాలి. పక్కింటి ముఖం కనిపిస్తే ముసలివాళ్లు నిద్రపోతారు.

300 మందికి పది మరుగుదొడ్లు కావాలి. హైస్కూల్లో అన్ని ఉండవు, ఉన్నవాటిలో రెండిటికి తలుపు గడియ ఉండదు. అందుకే జట్టులో వడ్రంగి కావాలి. గడియ పడని తలుపు వల్ల ఆడపిల్లలు చీకటి పడేదాకా ఆగుతారు, నీళ్లు తాగడం మానేస్తారు, మూడో రోజుకు మూత్రంలో మంటతో డాక్టరు దగ్గరికి వస్తారు. డాక్టరు మందు రాస్తాడు, జబ్బు మాత్రం గడియలో ఉంది. వరండా నుంచి మరుగుదొడ్డి దాకా దీపం వేసేది లైన్‌మన్. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో పెట్టుకున్న ఇన్సులిన్, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీదున్న మనిషి, ఆసుపత్రి జనరేటర్‌లో డీజిల్, అన్నీ లైన్‌మన్ చేతిలోకి వచ్చాయి. ఏ లైను ముందు సరిచేయాలో ఆయనకు చెప్పాల్సింది ఆరోగ్య శాఖవాళ్లు. చెప్పకపోతే ఆయన తనకు తెలిసిన వరసలో చేసుకుపోతాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

ట్యాంకరు నీళ్లు రాగానే తాగేయకూడదు. క్లోరిన్ కలిపి అరగంట ఆగి పరీక్ష చెయ్యాలి. లీటరులో కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటేనే బిందెలు పట్టనివ్వాలి. ఇది పంచాయతీ పనా, ఆరోగ్య శాఖ పనా అన్న వాదన శిబిరంలో వినిపించిందంటే విరేచనాలు ఎంతో దూరంలో లేవు. కలపడం పంచాయతీ, పరీక్ష చెయ్యడం ఏఎన్‌ఎం. ఇద్దరూ రిజిస్టరు వెనక పేజీలో టైము వేసి సంతకం పెట్టాలి.

గాలి నిలిచిన తెల్లారి

గాలి రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తలుపులు వేసి, పిల్లల్ని గోడలకు దూరంగా ఉంచి, కాచుకుని కూర్చోవడమే.

తెల్లారాక గాయపడ్డవాళ్లు ఒక్కసారిగా వస్తారు. రేకులు తెగి కోసుకున్న కాళ్లు, చెట్టు విరిగి పడ్డ భుజాలు, పాము కాట్లు. ముందొచ్చినవాళ్లకు ముందు చూడటం ఇక్కడ కుదరదు. డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి, వెంటనే చూడకపోతే పోయేవాళ్లకు ఎర్ర చీటీ, కాసేపు ఆగగలిగేవాళ్లకు పసుపు, నడవగలిగేవాళ్లకు ఆకుపచ్చ ఇస్తాడు. గట్టిగా ఏడుస్తున్నవాడు ఆకుపచ్చ కావచ్చు, మూలన నిశ్శబ్దంగా ఒరిగినవాడు ఎర్ర కావచ్చు. ఎందుకు ఆగమంటున్నామో ఆకుపచ్చ చీటీ వాళ్లకు చెప్పే పని హెడ్మాస్టరుకు ఇవ్వండి. ఊళ్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే, ఆయన చెబితే కూర్చుంటారు. పాము కాటుకు కోయడం, కట్టు బిగించడం ఎవర్నీ చేయనివ్వకూడదు. కాలు కదలకుండా ఉంచి, మందున్న ఆసుపత్రికి పంపాలి. అంబులెన్సు రాలేని చోట ట్రాక్టరు ఎవరిదో ముందు రోజే రాసుకుని ఉండాలి.

చనిపోయినవాళ్ల విషయం చాలా జాగ్రత్తగా చూడాలి. శవాల వల్ల అంటురోగాలు వస్తాయన్న భయంతో గుర్తుపట్టకముందే తగలబెట్టడం మన దగ్గరే కాదు, ప్రపంచమంతా జరిగింది. దివిసీమలో కుప్పలుగా దహనం చేసిన సంగతి ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మునిగి చనిపోయినవాళ్ల శరీరాల వల్ల మహమ్మారులు పుట్టవని ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ ఎన్నోసార్లు స్పష్టంగా చెప్పాయి. కాబట్టి ఆగడానికి సమయం ఉంది. పోలీసు నంబరు వేస్తాడు. ఎక్కడ దొరికిందో వీఆర్వో రాస్తాడు. ముఖం, బట్ట, పచ్చబొట్టు, తాళి, కాలి మెట్టెలు విడివిడిగా ఫొటో తీయించాలి. ఆ ఫొటోలు గేటు రిజిస్టరులోని ‘రానివారు’ గడితో సరిచూడాలి. గుర్తుపట్టడానికి వచ్చిన తల్లిని ఒంటరిగా పంపకూడదు. ముందు బట్ట ఫొటో, ఆ తరవాతే ముఖం. పక్కన ఒక ఆడమనిషి, చేతికందేలా మంచినీళ్లు, కూర్చోవడానికి కుర్చీ. ఇవన్నీ ఎవరో ఒకరి పేరు మీద రాసి ఉండాలి. లేకపోతే ఆ కుర్చీ అక్కడ ఉండదు.

సాయంత్రం ఆరు గంటలు

శిబిరానికి గుండెకాయ రోజూ సాయంత్రం ఆరు గంటలకు పెట్టే మీటింగు. దీపాలు వెలిగించే వేళ, వంట పొయ్యికి కాస్త దూరంగా, అందరూ నిలబడే మాట్లాడుకోవాలి. కూర్చుంటే గంట పడుతుంది, నిలబడితే పావుగంటలో తేలుతుంది. పారిశుధ్య కార్మికుడు, వంటమనిషి, ఆయా, లైన్‌మన్ తప్పకుండా ఉండాలి. ముందుగా మాట్లాడాల్సింది కూడా వాళ్లే. డాక్టరు, తహసీల్దారు చివర మాట్లాడాలి. ఈ వరస నేను చాలా కష్టపడి నేర్చుకున్నాను. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు తలూపి ఊరుకుంటారు, వాళ్ల దగ్గరున్న కబురు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

ప్రతి ఒక్కరూ చెప్పాల్సినవి మూడు. ఈరోజు నా కంట పడిందేమిటి? అది ఎవరికి అప్పగిస్తున్నాను? నిన్న నాకు అప్పగించింది ఏమైంది?

ఒక శిబిరంలో జరిగింది చెబుతాను. మూడో రోజు సాయంత్రం. వంటమనిషి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అంది: ‘మూడో గదిలో మామ్మ నిన్న రాత్రి నుంచి ముద్ద ముట్టలేదండి. పళ్లెం ఎలా వెళ్లిందో అలాగే తిరిగొస్తోంది.’

కౌన్సెలింగ్ చూసే అమ్మాయి వెంటనే అందుకుంది. ఇల్లు కొట్టుకుపోయింది, దిగులు పెట్టుకుని ఉంటుంది, రేపు పొద్దున్న కూర్చుని మాట్లాడతానంది. సబబైన మాటే. అప్పుడు ఏఎన్‌ఎం రిజిస్టరు తిప్పి చూసి ముఖం మార్చుకుంది. ‘సార్, ఆ మామ్మకు షుగర్. పొద్దున్న బిళ్ల నేనే వేశాను.’

డాక్టరు మీటింగు వదిలి పరుగెత్తాడు. తిండి లేకుండా షుగర్ బిళ్ల మింగితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ముసలి ఒంట్లో అది నిద్రలా కనిపిస్తుంది. వేలు గుచ్చి చూస్తే 58. పంచదార నీళ్లు తాగించాక కళ్లు తెరిచింది. అయినా అన్నం వద్దంది. ఆయా పక్కన చేరి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అడిగింది. మామ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయా బయటికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది: ‘పళ్ల సెట్టు గూట్లో పెట్టి వచ్చేసిందంట. అందరి ముందూ నమల్లేక సిగ్గుపడుతోంది.’

ఆ రాత్రి నుంచి ఆమెకు మెత్తగా జావ, మజ్జిగలో పిసికిన అన్నం. మూడో గదిలో ఒక మూల చీర అడ్డం కట్టారు. నాలుగో రోజు పళ్లెం ఖాళీగా వచ్చింది.

వంటమనిషికి షుగర్ బిళ్ల సంగతి తెలియదు, ఏఎన్‌ఎంకి పళ్లెం సంగతి తెలియదు, డాక్టరుకు రెండూ తెలియవు, పళ్ల సెట్టు ఎవరి రికార్డులోనూ ఉండదు. నలుగురూ ఒకచోట నిలబడిన ఆ పది నిమిషాల వల్ల ఆమె బతికింది. అలాగే మరుగుదొడ్లు కడిగే మనిషి చెప్పే మాట డాక్టరుకు ల్యాబ్ రిపోర్టు కన్నా ముందు అందుతుంది. ‘రెండో వరసలో ఇవాళ నీళ్ల విరేచనాలు ఎక్కువగా ఉన్నాయి’ అని అతను అన్న సాయంత్రమే నీళ్లు మళ్లీ పరీక్ష చేసి, ఓఆర్‌ఎస్ బకెట్లు కలిపి పెడితే వ్యాధి ఆ గదిలోనే ఆగుతుంది. అతన్ని మీటింగుకు పిలవని శిబిరంలో అది మూడు రోజుల తరవాత పేపర్లో తెలుస్తుంది.

మీటింగులో అన్నీ మాట్లాడకూడదు కూడా. ఆడవాళ్ల మీద చెయ్యి పడ్డ ఫిర్యాదు, హెచ్‌ఐవీ, ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్ల సంగతి అక్కడ పేరుతో రాకూడదు. ‘పదిహేడో నంబరు చీటీ, నాతో విడిగా’ అంటే చాలు.

మనసు సంగతి

భోపాల్ గ్యాస్ దుర్ఘటన 1984 డిసెంబరులో జరిగితే, బాధితుల మనసులకు ఏమైందో చూడటం 1985లోనే మొదలైంది. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి, ఆయన సహచరులు ఒక దారి ఎంచుకున్నారు. వేలమందికి సరిపడా మానసిక వైద్యులు లేరు కాబట్టి, అక్కడ పనిచేసే మామూలు డాక్టర్లకే శిక్షణ ఇచ్చి, వాళ్ల కోసం కరదీపిక తయారు చేశారు. తరవాత 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో, 2001 భుజ్ భూకంపంలో, 2004 సునామీలో నిమ్హాన్స్ ఇంకో అడుగు ముందుకేసి, ఊళ్లోని కార్యకర్తలకు, టీచర్లకు ఈ పని నేర్పింది. మన శిబిరంలో అంగన్‌వాడీ టీచరుకూ ఆశాకూ ఈ పనిలో చోటుందని మనకు తెలిసింది ఆ అనుభవంతోనే.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ఎవరు ఒంటరిగా ఉన్నారో చూడాలి. చెప్పుకుంటే వినాలి, చెప్పుకోకపోతే పక్కన కూర్చోవాలి. వాళ్లకు కావాల్సిన మనిషితో, కావాల్సిన సాయంతో కలపాలి. ‘ఏం జరిగిందో మొత్తం చెప్పండి, బరువు దిగుతుంది’ అని మొదటి రోజే తవ్వడం మంచిది కాదు. ‘దేవుడు మిమ్మల్ని మిగిల్చాడు, సంతోషించండి’ అని కూడా అనకూడదు. పోయినవాళ్లు ఆ వింటున్న మనిషి పిల్లలు కావచ్చు. నిద్ర పట్టడం లేదంటే నిద్ర బిళ్లలు పంచే డాక్టర్లను చూశాను, వాళ్ల జాలి నాకు అర్థమవుతుంది. కానీ ఆప్తులు పోయిన దుఃఖానికి ఆ బిళ్లలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే స్పష్టంగా చెప్పింది. చీకట్లో భయపడేవాళ్లకు దీపం, తెలిసిన మనిషి పక్కన పడక, పొద్దున పూట చేతికి ఏదో ఒక పని ఇస్తే నిద్ర మెల్లగా తిరిగొస్తుంది. కూరలు తరగడం కూడా పనే. ఎప్పటినుంచో మానసిక మందులు వాడుతున్నవాళ్ల సంగతి వేరు, వాళ్ల మందు ఒక్క పూట కూడా ఆపకూడదు.

పిల్లలకు ఆట కావాలి. రెండో రోజే అంగన్‌వాడీ టీచరు రోజూ ఒకే టైముకు, ఒకే చెట్టు కింద ఆడించడం మొదలుపెడితే, ఎవరు ఆడటం లేదో ఆమెకు మూడో రోజుకల్లా తెలిసిపోతుంది. ఆ పేరు ఆరు గంటల మీటింగుకు రావాలి.

కాగితాల వైద్యం

దీన్ని వైద్యం అని తెలిసే రాస్తున్నాను. ఇల్లు పోయిన మనిషికి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం పోయాయన్న బెంగ గుండెదడగా డాక్టరు దగ్గరికి వస్తుంది. అందుకే ఐదో రోజుకల్లా శిబిరంలో ఒక కాగితాల బల్ల పడాలి. వీఆర్వో, సచివాలయం డిజిటల్ అసిస్టెంట్, బ్యాంకు మనిషి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ పంపే ఉచిత లాయరు కూర్చోవాలి. విపత్తు బాధితులకు న్యాయ సాయం కోసం జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2010లోనే పథకం పెట్టింది, అడిగితే వస్తారు.

అన్నిటికన్నా కష్టం సముద్రంలోంచి తిరిగి రాని మనిషి సంగతి. శవం దొరకదు. చట్టం ప్రకారం ఏడేళ్లు కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. అప్పటిదాకా అతని భార్యకు మరణ ధ్రువపత్రం లేదు, అది లేకపోతే పింఛను లేదు, చనిపోయినవారి కుటుంబానికిచ్చే నాలుగు లక్షల సాయమూ లేదు. బొట్టు ఉంచుకోవాలా తీసేయాలా అన్నది కూడా ఆమె చేతిలో ఉండదు. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో, 2021 చమోలీ ఆకస్మిక వరదలో గల్లంతైనవాళ్లకు ఏడేళ్లు ఆగకుండా విచారణ చేసి ధ్రువపత్రం ఇచ్చే ప్రత్యేక పద్ధతి పెట్టారు. అలాంటి వెసులుబాటు అడగాలంటే ఆ రోజు ఆ మనిషి ఆ పడవలో వెళ్లాడని చూపించే కాగితం కావాలి. గాలికి ముందు ఒడ్డున పెద్దమనుషులు చెప్పగా రాసుకున్న పడవల లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. దానికి గేటు రిజిస్టరులోని ‘రానివారు’ గడి, పోలీసు ఎఫ్ఐఆర్ కలిపి కాగితాల బల్ల మీద లాయరు అర్జీ రాస్తాడు. ఆమెను మళ్లీ కథ చెప్పమని ఎవరూ అడగనక్కర్లేదు, సంతకం పెడితే చాలు. భర్తను కోల్పోయిన ఆడవాళ్లకు, తల్లిదండ్రులు లేకుండా పోయిన పిల్లలకు 15 రోజుల్లో ధ్రువపత్రం, 45 రోజుల్లో ఆర్థిక సాయం అందాలని 2016 నాటి కనీస ప్రమాణాల్లోనే ఉంది. గోడ మీద క్యాలెండరులో ఆ రెండు తేదీలకూ సున్నా చుట్టించండి.

మూసే రోజు

శిబిరం మూసే ముందు రిజిస్టరు చివరిసారి తిరగేయాలి. ప్రతి నంబరు ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలి. ‘ఆరోగ్య శాఖకు అప్పగించాం’ అని రాస్తే ఎవరికీ అప్పగించనట్టే. ఫలానా వీధి ఆశాకు, ఫలానా అంగన్‌వాడీ టీచరుకు అని రాయాలి. ఆరు వారాల తరవాత ఆ ఆశా ఆ ఇంటికి వెళ్లాలి. నిద్ర, తిండి, తాగుడు, ఇంట్లో గొడవలు, బడికి వెళ్లని పిల్ల, ఇవి చూసి రావాలి. అప్పటికి కెమెరాలు వెళ్లిపోయి ఉంటాయి, దుప్పట్లు పాతబడి ఉంటాయి, చాలామందికి దుఃఖం అప్పుడే మొదలవుతుంది.

జట్టులోని మనుషుల్ని కూడా చూసుకోవాలి. నేను చూసిన ఒక శిబిరంలో ఏఎన్‌ఎం ఐదు రోజులు పనిచేసింది. తన ఇంటి పైకప్పు మొదటి రాత్రే లేచిపోయిందని ఆరో రోజు ఎవరో చెబితే మాకు తెలిసింది. అప్పటి నుంచి సాయంత్రం మీటింగులో ఆఖరున ఇంకో ప్రశ్న చేర్చాను: ‘మీ ఇంట్లో అందరూ క్షేమమేనా?’ పన్నెండు గంటల డ్యూటీ దాటినవాళ్లను ఇంటికి పంపే అధికారం ఒకరికి రాతపూర్వకంగా ఉండాలి.

మన తీరానికి ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గండం. ఈలోపు మీ ఊరి సచివాలయానికి ఒకసారి వెళ్లండి. మీ హైస్కూల్లో శిబిరం పెడితే గేటు దగ్గర రిజిస్టరు ఎవరు రాస్తారో, ఆరు గంటల మీటింగు ఎవరు పిలుస్తారో అడగండి. మీ ఇంట్లో ముసలివాళ్లు వాడే మందుల పేర్లు ఒక చీటీ మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆధార్ జిరాక్సుతో పాటు గుమ్మం పక్కన మేకుకు తగిలించండి. పళ్ల సెట్టు, కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే అవీ ఆ చీటీలో రాయండి. అంబులెన్సుకు 108, మనసు బాగోలేకపోతే తెలుగులోనే మాట్లాడే టెలీ మానస్ 14416. ఈ నంబర్లు కూడా అదే చీటీ మీద ఉండాలి.